రాని ఇరవైముగ్గురు

గ్వాంగ్జు,
మార్చి 9

అక్కా,

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మీ ఆరోగ్య కేంద్రంలో ఫోన్ ఉండేది బెంచీ పక్కనే కదా, నడుం నొప్పి అని వచ్చిన ముసలమ్మలంతా మన మాటలు విని సాయంత్రానికల్లా దీవంతా చాటేస్తారు. అందుకే ఉత్తరం.

జూన్ ఇరవైన సియోల్‌లో మా శస్త్రవైద్యుల సంఘం కమిటీ కూర్చుంటోంది. మూడేళ్ళుగా నేను చేస్తున్న ఒకే అతుకు ఆపరేషన్ సంగతి ఆ రోజు తేలిపోతుంది. నీకు చాలాసార్లు చెప్పాను: లావు తగ్గడానికి కడుపును సన్నటి గొట్టంలా కుదించి, చిన్నపేగులో సగానికి పైగా దాటేసి, కింద ఒక్క చోట కలపడం. తిన్నది తక్కువ, ఒంటబట్టేది ఇంకా తక్కువ. ఇప్పటిదాకా ఇది పరిశోధన కింద మా ఆసుపత్రిలోనే జరుగుతోంది. కమిటీ సరేనంటే దేశంలో ఏ ఆసుపత్రిలోనైనా మామూలు ఆపరేషన్‌లా చేసుకోవచ్చు.

మొత్తం రెండువందల పన్నెండు మంది. అందులో నూట ఎనభైతొమ్మిది మంది క్రమం తప్పకుండా పరీక్షలకు వస్తున్నారు. బరువు తగ్గింది, చక్కెర జబ్బు అణిగింది, పెద్ద చిక్కులేమీ లేవు. మిగిలిన ఇరవైముగ్గురూ రావడం మానేశారు. వాళ్ళ పేర్లకెదురుగా 'ఫిర్యాదు లేదు' అని రాశాను. బాధ ఉన్నవాడు తలుపు బాదుతాడు, రానివాడు బాగున్నట్టే. కానీ కమిటీ అధ్యక్షురాలు ఆ ఇరవైముగ్గురి సంగతి విడిగా అడిగింది.

వాళ్ళలో ఒకామె మీ సోమోదోలోనే ఉంది. తో మిరాన్, నలభైనాలుగేళ్ళు, సముద్రంలో నాచు తోటల్లో పని. ఇందులో ఒక కాగితం పెట్టాను. బాగున్నానని సంతకం చేయించి పంపు. అయిదు నిమిషాల పని.

ఇక్కడ ఉ సంగ్‌బే అని చేపల లారీ నడిపేవాడున్నాడు. నూట యాభై కిలోలు, చక్కెర జబ్బు. కాలి పుండు మానడం లేదు. 'కమిటీ తేల్చనీ, నీకు కొత్త ఆపరేషనే చేస్తాను' అని ఆపి ఉంచాను. ఇలాంటివాళ్ళు నా జాబితాలో డెబ్భైమంది ఉన్నారు. ఒక్క సంతకం కోసం ఆలస్యం కాకూడదు.

తేగ్యూ


సోమోదో,
మార్చి 17

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ముసలమ్మలు నీ గురించి అడిగారు. 'ఏం రాశాడు మీ డాక్టరు తమ్ముడు? పెళ్ళాంతో సర్దుకున్నాడా?' అని. ఆపరేషన్ గురించి రాశాడంటే ఒక్కరికీ నచ్చలేదు.

మిరాన్ ఇప్పుడు తెల్లారగానే పడవెక్కుతోంది. నాచు కోతల రోజులు. కనిపించినప్పుడు కాగితం సంగతి చూస్తాను. తొందరపెట్టకు.

నాకు ఒక్కటి అర్థం కాలేదు. ఆ లారీ అబ్బాయికి కాలు పుండు పడితే ఆపడం దేనికి? గొట్టం ఆపరేషన్ ఉందిగా, కడుపు మాత్రమే కుదించేది, పేగు జోలికి పోనిది. ఆరువందలు చేశానని అమ్మ తద్దినం నాడు నువ్వే చెప్పావు. అది చెయ్యకుండా వాడినెందుకు కూర్చోబెట్టావు?

ఎండు చేపలు పంపుతున్నాను. ఉప్పు ఎక్కువైంది. నీళ్ళలో వేసి తిను.

ఇన్‌సుక్


గ్వాంగ్జు,
ఏప్రిల్ 2

అక్కా,

చేపలు వచ్చాయి, కాగితం రాలేదు.

సంగ్‌బేకి గొట్టం ఆపరేషన్ చేస్తే ముప్ఫై కిలోలు తగ్గుతాడు, అయిదేళ్ళలో సగం తిరిగొస్తుంది. కొత్తదైతే చక్కెర జబ్బు పూర్తిగా వదులుతుంది. మంచిది చేతిలో ఉండగా నాసిది ఇవ్వమంటావా? ఆలస్యానికి కూడా మనుషులు బలవుతారక్కా. కమిటీలో కూర్చున్నవాళ్ళు అది లెక్కలోకి తీసుకోరు. ఇంకో అయిదేళ్ళు చూడాలంటారు, ఇంకో పదేళ్ళంటారు. అన్నీ చూసి మొదలుపెట్టాలంటే ఈ దేశంలో ఏ ఆపరేషనూ మొదలయ్యేది కాదు.

మా డైరెక్టరు అప్పుడే బ్యానర్ రాయించాడు, గుమ్మం మీద కట్టడానికి. రోజూ అడుగుతున్నాడు. 'ఇరవైముగ్గురి కాగితాలు ఎంతదాకా వచ్చాయి?' అని. ఫోన్లు చేయిస్తే సగం నంబర్లు పనిచేయడం లేదు. దొరికిన ఒక్క మనిషీ నీ ఇంటికి నాలుగడుగుల్లో ఉంది, నువ్వేమో కోతలంటావు.

ఏ ఆపరేషన్ ఎవరికన్నది సర్జన్ నిర్ణయం. నువ్వు నర్సువి. నేను నిన్ను అడిగింది సంతకం, సలహా కాదు.

తేగ్యూ


సోమోదో,
ఏప్రిల్ 19

తేగ్యూ,

నర్సునే. ముప్ఫై ఏళ్ళ నుంచి ఈ దీవిలో డాక్టరు లేని చోట నర్సుని.

కాగితం తిప్పి పంపుతున్నాను. సంతకం లేదు.

మొన్న పన్నెండో తారీకు సాయంత్రం, ఇంకా దీపాలు పెట్టలేదు, మిరాన్ పడవ దిగుతూ రేవుగట్టుకీ పడవకీ మధ్య పడిపోయింది. మెడ కింద కాలర్ ఎముక విరిగింది. పక్క పడవవాళ్ళు జుట్టు పట్టుకుని పైకి లాగారు. లేకపోతే గట్టుకేసి నలిగిపోయేది. కట్టు కడుతూ అడిగాను.

'రోజూ దిగే రేవే కదే, ఎట్లా పడ్డావు?'

'గట్టు కనపడలేదక్కా.'

'ఇంకా వెలుగుందిగా.'

'మీకుంది. నాకు పొద్దు వాలగానే పోతుంది.'

ఎన్నాళ్ళ నుంచే అంటే, 'పోయిన చలికాలం నుంచి' అంది. ఆమె మొగుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. 'సాయంత్రమైతే గోడ పట్టుకుని నడుస్తోంది. గిన్నెలు తడుముకుంటోంది. నేనేమో ఎగతాళి చేశాను' అని బయటికి వెళ్ళిపోయాడు.

ఇదేమిటో నాకు తెలుసు, నీకూ తెలుసు. తిన్న కొవ్వు ఒంటబట్టకపోతే విటమిన్ ఎ పోతుంది, రేచీకటి వస్తుంది. కాళ్ళు కూడా వాచాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. మాంసకృత్తులు పడిపోయాయన్నమాట. కాలి వేళ్ళకి స్పర్శ లేదు. చెప్పు జారిపోయినా తెలీడం లేదట.

ఇప్పుడు రాసేది నీకు కోపం తెప్పిస్తుంది. ఆమె బలహీనపడుతోందని నాకు ఏడాది నుంచి తెలుసు. జుట్టు ఊడుతుంటే చూశాను. గోళ్ళు చూశాను. నా దగ్గరున్న మాత్రలు ఇచ్చాను, సూదులు వేశాను, నీకు మాత్రం రాయలేదు. అమ్మ తద్దినానికి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వు బంధువులందరి ముందూ 'ఇంతవరకూ ఒక్క చిక్కు లేదు' అంటుంటే చిన్నాన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆమె సగం బాగుపడటం నా సూదుల వల్ల, నీ ఆపరేషన్ వల్ల కాదు. నేను సగం మాన్పి, నీ చిట్టాలో ఆమెను ఆరోగ్యవంతురాల్ని చేశాను. ఆ తప్పు నాది.

ఇన్‌సుక్


గ్వాంగ్జు,
ఏప్రిల్ 25

అక్కా,

ఏడాది దాచావు. ఇంకెవరైనా అయితే అర్థం చేసుకునేవాడిని.

ఆమెను వెంటనే పంపు. రక్తపరీక్షలు చేస్తాను. కానీ ఒక్క మనిషి సంగతి చూసి ఆపరేషన్ చెడ్డదనకు. ఇది చేయించుకున్నవాళ్ళు బతికినంతకాలం మాత్రలు వేసుకోవాలని మొదటి రోజే చెబుతాం. పడవ పనుల్లో పడి మానేసి ఉంటుంది. మానేసినవాళ్ళకి ఇలా అవుతుందని మా పత్రంలోనే ఉంది.

రెండువందల పన్నెండులో ఒక్కరు.

తే.


సోమోదో,
మే 3

తేగ్యూ,

మానలేదు. నేను ఇంటికెళ్ళి చూశాను. ఖాళీ మాత్రల సీసాలు బియ్యం డబ్బాలో పేర్చి ఉన్నాయి, ఒక్కటీ పారెయ్యలేదు. 'డాక్టరుగారు అడిగితే చూపిద్దామని' అంది.

అప్పుడు అడిగాను, మరి ఆసుపత్రికి ఎందుకెళ్ళడం మానేశావని. సీసాలు మళ్ళీ డబ్బాలో పేర్చింది. తరవాత ఇలా అంది:

'వెళ్ళానక్కా. రెండేళ్ళ కిందట. తెల్లవారుజాము పడవకి బయల్దేరి రెండు బస్సులు మారి వెళ్ళాను. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. కాళ్ళు లాగుతున్నాయన్నాను. డాక్టరుగారు కాగితాల్లోంచి తలెత్తకుండానే, మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదు కదూ అన్నారు. వేసుకుంటున్నానండీ అన్నాను. అందరూ అలాగే చెబుతారు అన్నారు. బయటున్నవాళ్ళు నవ్వారు. ఇంకెందుకు వెళ్ళాలి? అంత లావు ఎక్కింది నేనే, ఆపరేషన్ చేయించుకుంది నేనే, ఇదీ నా తప్పే అయి ఉంటుందనుకున్నా.'

ఆ డాక్టరు ఎవరో ఆమె నాకు చెప్పలేదు. నేను నీ అక్కని కాబట్టి చెప్పలేదు. నువ్వే గుర్తు తెచ్చుకో.

ఆమె రాదు, బలవంతం చెయ్యను. రక్తం నేనే తీసి వాందో ఆసుపత్రికి పంపించాను. ఫలితాలు ఇందులో ఉన్నాయి. చదువుకో. మాత్రలు వేసుకునే మనిషి రక్తం అది.

ఆమె ఒక్కతే అంటున్నావు. తక్కిన ఇరవైరెండుమంది ఎక్కడున్నారో వెళ్ళి చూశావా? ఫోన్‌తో కాదు, నీ కాళ్ళతో.

ఇన్‌సుక్


గ్వాంగ్జు,
జూన్ 6

అక్కా,

నెలరోజులు రాయలేదు. ఊళ్ళు తిరిగాను.

ఆ ఫలితాలు మూడుసార్లు చదివాను. తరవాత సెలవు పెట్టి కారు తీశాను. హేనామ్, కోహుంగ్, మోక్పో, పైకి జియోంజు దాకా. పాత చిరునామాలు, పోస్టాఫీసులు, కిరాణా కొట్లు. కొన్ని చోట్ల బీమా వాడిననుకుని తలుపు వేసేశారు.

మిరాన్ కాక ఇరవైమంది ఆచూకీ పట్టుకున్నాను. ఇద్దరు దొరకలేదు.

పన్నెండుమంది బాగున్నారు. నిజంగానే. ఒకాయన కొండెక్కి దిగొచ్చి, చెమట తుడుచుకుంటూ నాకు మక్కోలి కల్లు పోశాడు. 'డాక్టరుగారూ, మీరు నా బతుకు తిప్పేశారు, తాగాల్సిందే' అన్నాడు. ఇది కూడా నిజమే, మరిచిపోకు.

ఏడుగురికి మిరాన్‌కి ఉన్నదే ఉంది. కొందరికి తక్కువ, ఇద్దరికి ఎక్కువ. జియోంజులో ఒకామె మంచం దిగడం లేదు. ఏ ఒక్కరూ మాకు ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదంటే ఏడుగురూ దాదాపు ఒకే మాట. 'మా తప్పే అనుకున్నాం.'

ఒకతను చనిపోయాడు. కోహుంగ్ దగ్గర మోటారు సైకిలు మీద వెళుతూ, ఆగి ఉన్న ట్రాక్టరును గుద్దాడు. వేళ ఎంత అని అడిగాను. 'పొద్దుగూకుతోంది. ఇంటి దారే. ఎన్నేళ్ళుగానో వచ్చే దారే' అంది భార్య. అతని రక్తం ఎవరూ పరీక్షించలేదు. ఇక ఎప్పటికీ తెలియదు.

కారులో కూర్చుంటే ఒకటి తట్టింది. ఆ నూట ఎనభైతొమ్మిది మంది బాగుండటానికి కారణం వాళ్ళు రావడమే. వచ్చిన ప్రతిసారీ రక్తం చూసి, లోటు కనిపించినచోట పూడుస్తూ వచ్చాం. నువ్వు మిరాన్‌కి చేసినట్టే. ఆ ఆపరేషన్‌ని దాని మానాన వదిలేస్తే ఏం చేస్తుందో చూపించింది రానివాళ్ళే. దాటేసిన పేగు మరీ ఎక్కువ. ఇది రేపు ప్రతి ఊరి ఆసుపత్రిలోనూ మొదలైతే, ఏటా వేలమంది. వాళ్ళలో ఎంతమంది రావడం మానేస్తారు?

డైరెక్టరుకి చెప్పాను. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. 'ఆ ఇరవైముగ్గురినీ ఆచూకీ లేదని రాయి. మొన్నటిదాకా అదేగా నిజం. నువ్వు పని మానుకుని తిరగబట్టి దొరికారు. రోడ్డు ప్రమాదం అంటే రోడ్డు ప్రమాదమే. కమిటీ ఆచూకీ లేనివాళ్ళని పది శాతం దాకా పట్టించుకోదు' అన్నాడు. ఇరవైమూడు అంటే పది శాతం దాటి ఒక పిసరు. ఆ ఒక పిసరుకి ఇద్దరు ముగ్గుర్ని బాగున్నవాళ్ళలోంచి చూపిస్తే సరిపోతుంది. అబద్ధం ఒక్కటీ ఉండదు.

ఏం చేస్తానో ఇంకా నాకే తెలియదు. దాచకుండా రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మిరాన్ వచ్చిన రోజు నాకు గుర్తు లేదక్కా. ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు.

సంగ్‌బేకి గొట్టం ఆపరేషన్ చేసేశాను. నువ్వు అడిగింది సరైన ప్రశ్న. కొత్తదాని మీద నా పేరుంది, అందుకే ఆపాను. ఆపకుండా ఉంటే రెండు కాలి వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చేది కాదు.

తేగ్యూ


సోమోదో,
జూన్ 11

తమ్ముడూ,

ఏం చెయ్యమనీ చెప్పను. ఏడాది దాచినదాన్ని, నీకు చెప్పే అర్హత నాకు లేదు.

నీ ఉత్తరంలో కొంత మిరాన్‌కి చదివి వినిపించాను. ఆ ఏడుగురి సంగతి వినగానే కూర్చున్నది లేచి నిలబడింది. 'అయితే నేనొక్కదాన్నే కాదా?' అంది. తరవాత ఏడ్చింది. ఎముక విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి.

వెళుతూ వెళుతూ నీకొక మాట చెప్పమంది. 'కమిటీకి నంబరు కాదు, నా పేరు చెప్పమనండి. తో మిరాన్, సోమోదో అని.'

ఇన్‌సుక్


గ్వాంగ్జు,
జూన్ 22

అక్కా,

చెప్పాను.

మొదట నూట ఎనభైతొమ్మిది మంది చార్టులు చూపించాను. అందరూ తలలూపారు. తరవాత ఇరవైముగ్గురిని ఒక్కొక్కరినే చెప్పాను. ఆమె పేరు ఆమె అడిగినట్టే చదివాను. వెనక వరసలో మా డైరెక్టరు లేచి బయటికి వెళ్ళాడు.

అధ్యక్షురాలు అరవై దాటిన మనిషి, గొంతు పెంచదు. ఒక్కటే అడిగింది.

'డాక్టరుగారూ, మీ ఇంట్లోవాళ్ళకైతే ఈ ఆపరేషన్ ఇవాళ చేస్తారా?'

'ఇప్పుడున్న పేగు కొలతతో చెయ్యనండి.'

'మరి ఈ దరఖాస్తు మీదేగా?'

'మార్చిలో పెట్టానండి. అప్పటికి చూడలేదు.'

ఒక కుర్ర సర్జన్ లేచాడు, మండిపడుతూ. 'ఏ ఆపరేషన్‌లోనైనా ఏడుగురు ఎనిమిదిమంది ఉంటారు. మా ఊళ్ళో నూట ఎనభై కిలోలవాడు ఎదురుచూస్తున్నాడు, వాడికేం చెప్పను?' అన్నాడు. మార్చిలో నీకు నేను రాసిన మాటలే. అతను తప్పని నేను అనలేకపోయాను. 'ఉన్న ఆపరేషన్ చెయ్యండి, ఇవాళే చెయ్యండి. నేను ఒకరిని ఆపాను, రెండు వేళ్ళు పోయాయి' అన్నాను.

నిర్ణయం: మామూలు వాడకానికి ఇంకా సిద్ధం కాలేదు. పరిశోధన కిందే, నాలుగు ఆసుపత్రుల్లో మాత్రమే. పేగు ఇంకా పొడవుగా వదలాలి. అయిదేళ్ళు చూడాలి. పరీక్షకు రానివాళ్ళ ఇంటికి మనిషి వెళ్ళాలి. ఆ చివరిది అధ్యక్షురాలు తన చేత్తో రాసింది.

విభాగాధిపతి పదవి నా నుంచి తీసేశారు. ఇవాళ గది ఖాళీ చేశాను. నా భార్య వచ్చి పుస్తకాలు సర్దింది.

ఇక మిరాన్. మాత్రలతో, సూదులతో ఇది సరిపోదు. అతుకు విప్పి పైకి మార్చి, పేగు పొడవు పెంచాలి. వస్తుందా? తను నన్ను వద్దనుకుంటే పుసాన్‌లో చెయ్యగలిగినామె ఉంది. ఆమె నంబరు ఇందులో రాశాను. ఏది ఎంచుకున్నా సరే.

తేగ్యూ


గ్వాంగ్జు,
జులై 19

అక్కా,

ఆమె ఆపరేషన్ నిన్న అయింది. స్పృహలోకి వచ్చింది. జావ తాగింది. మొగుడు బయట బెంచీ మీద పడి నిద్రపోతున్నాడు.

పుసాన్ కాకుండా నా దగ్గరికే ఎందుకొచ్చిందని అడగలేదు. ఆమే చెప్పింది. 'కుట్టినవాడికే కుట్టు ఎక్కడుందో తెలుస్తుంది' అని. మొన్న మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సంతకం కాగితం ఆమె చేతిలో ఉంది, కలం ముట్టుకోలేదు.

'ఇది కూడా కొత్తదేనా డాక్టరుగారూ?'

'కొత్తదే.'

'మీరు ఎన్ని చేశారు?'

'నాలుగు. అన్నీ ఈ నెలలోనే.'

'వాళ్ళెలా ఉన్నారు?'

'ముగ్గురు తేరుకుంటున్నారు. జియోంజు ఆమెకి కుట్టు దగ్గర కారింది, మళ్ళీ తెరిచాం. ఇంకా ఇక్కడే ఉంది, పై అంతస్తులో. ఆమెతో మాట్లాడతారా?'

మిరాన్ ఇంకా కట్టు విప్పని చెయ్యి పొట్టకి ఆనించుకుని మేడెక్కింది. గంటసేపు అక్కడే ఉంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కిందికొచ్చి, 'ఆవిడ చెయ్యించుకోమంది. నొప్పి మాత్రం మీరు చెప్పినదానికంటే ఎక్కువట' అని, కలం తీసుకుంది.

సంతకం పెట్టాక నేను చెప్పాల్సింది చెప్పాను. 'రెండేళ్ళ కిందట మీరు వచ్చిన రోజు నేనన్న మాటకి క్షమించండి' అన్నాను. గుర్తు లేదని కూడా చెప్పాను. ఆమె సంతకం కాగితం నా చేతికిచ్చింది. 'నాకు గుర్తుంది లెండి' అంది. అంతే. క్షమించానని అనలేదు.

తేగ్యూ


సోమోదో,
నవంబరు 8

తమ్ముడూ,

మిరాన్ పది కిలోలు పెరిగింది. దీవిలో అందరూ అయ్యో అంటుంటే తను మాత్రం కొత్త చొక్కా కుట్టించుకుంది. కాళ్ళ వాపు పోయింది. పొద్దుగూకిన తరవాత కూడా వలలు బాగుచేస్తోంది, దారం తనే ఎక్కించుకుంటోంది. కాలి వేళ్ళకి మాత్రం స్పర్శ రాలేదు. ఇక రాదనుకుంటా. అది అలాగే రాసుకో.

అసలు సంగతి ఇంకొకటి. నీకు దొరకని ఇద్దరిలో ఒకామె దొరికింది. పట్టుకుంది మిరానే. వాందో నత్తగుల్లల వేలంలో, బుట్ట మోస్తున్న ఒకామెను చూసి 'నువ్వు నా పక్క మంచం కాదూ?' అని చెయ్యి పట్టేసుకుందట. ఆవిడ పెళ్ళి చేసుకుని ఊరూ పేరూ మార్చుకుంది. లావుగా ఉండేదని మొగుడికి తెలియకూడదట, అందుకని ఆసుపత్రి మొహం చూడలేదు. బ్రహ్మాండంగా ఉన్నానంటోంది, పాటలు పాడుతోంది, నా ఎదురుగానే రెండు గిన్నెల అన్నం తిని 'నాకేం రోగం? ఈవిడ నన్ను దొంగని పట్టుకున్నట్టు పట్టుకొచ్చింది' అని ఒకటే నవ్వు.

మిరాన్ నవ్వలేదు. 'నేనూ మొదటి ఏడాదంతా ఇలాగే పాడాను. చెయ్యి చాపు' అంది.

రక్తం తీశాను. రేపటి పడవకి సీసాలు పంపుతున్నాను. ఫలితం వచ్చేదాకా ఆవిడ బాగుందని ఎక్కడా రాయకు.

ఇన్‌సుక్